రెండు నీళ్లు

సిద్దమ్మది అత్వెల్లి. మేడ్చల్‌లో రక్తపరీక్షల కిట్లు తయారుచేసే ఒక కంపెనీలో తొమ్మిదేళ్లుగా సీసాలు కడిగేది, రోజుకూలీ మీద. తొంభై ఎనిమిది వేసవిలో పర్మినెంటు చేస్తామన్నారు. అప్పటినుంచి ఆమె కడిగిన సీసాలో మొహం చూసుకోవచ్చు.

కెమిస్టు ఫణిభూషణ్ గోదావరి జిల్లా మనిషి, పట్నంలో సుచిత్ర దగ్గర కాపురం. మాటకారి. ఒకసారి కిట్లలో పోసే పాలలాంటి నీళ్లు చూపించి, "ఇందులో కంటికి కనబడనంత చిన్న పూసలున్నాయి సిద్దమ్మా. ప్రోటీను పోస్తే తనంతట తనే వాటికి అంటుకుంటుంది," అన్నాడు.

"జిగురు వెయ్యరా సారూ?"

"అక్కర్లేదు. కడిగినా పోకుంటేనే అంటుకున్నట్టు."

ఆ మాట ఆమెకెంత నచ్చిందంటే, ఇంటికెళ్లి మొగుడు నారాయణకు కూడా చెప్పింది.

ఆ పట్టు సబ్బుకు మాత్రం లొంగుతుంది. సీసాలో సబ్బు మిగిలిందా, ప్రోటీను పూస మీద నిలవదు. అందుకే సబ్బుతో తోమాక పదిసార్లు నీళ్లు మార్చి, పది నీళ్లు కడగాలని నియమం. ఆ ఏప్రిల్‌లో బోరు ఎండింది, ట్యాంకరు రాలేదు. "ప్రస్తుతానికి రెండు నీళ్లు చాలు, కానియ్," అన్నాడు ఫణిభూషణ్. ఆమె కానిచ్చింది.

సరుకంతా పాడైంది. రోగి రక్తపు తేట చుక్క వేస్తే పాలు విరిగినట్టు విరగాల్సిన మందు ఉలుకూ పలుకూ లేకుండా ఉండిపోయింది.

మేనేజరు కృష్ణారావు ఇద్దర్నీ పిలిచాడు. "నేను పది నీళ్లే చెప్పాను సార్," అన్నాడు ఫణిభూషణ్ కళ్లార్పకుండా. నాలుకకు ఎముక లేదు మరి!

"అబద్ధం! రెండు నీళ్లు సాలన్నది నువ్వే గద సారూ!" అని అరిచేసింది సిద్దమ్మ.

పేదవాడి కోపం పెదవికి చేటు. తప్పు చేసిందే కాక పొగరు కూడానా అని, కృష్ణారావు రేపటినుంచి రావద్దన్నాడు.

వరండాలో ఆమె ఫణిభూషణ్ కాళ్లకు అడ్డంపడింది. "తొమ్మిదేండ్ల సంది గీ కంపెనీనే అంటుకోని ఉన్న సారూ. ఒక్క మాట జెప్పుండ్రి."

"కడిగినా పోకుంటేనే అంటుకున్నట్టు సిద్దమ్మా," అని నవ్వాడు. నవ్వడానికి ఆ మనిషికి నోరెలా వచ్చిందో! "అదిగో, ట్యాంకరొచ్చింది. వెళ్లేముందు ఆ సీసాలన్నీ కడిగేసి వెళ్లు. పది నీళ్లు."

మనసు మార్చుకుంటాడేమోనని పిచ్చి ఆశ. సిద్దమ్మ పీట వేసుకుని కూర్చుని, అతనికి వినబడేలా పైకే లెక్కపెడుతూ కడిగింది. ప్రతి సీసాకూ రెండు దగ్గరికి వచ్చేసరికి ఆగి, తలెత్తి అతనున్న వైపు చూసి, మళ్లీ మూడు అనేది.