మొదటి మాట ముందు చెప్పు

మొన్న ఇక్కడ ఐర్లండులో, మా క్లోనీ ఊళ్ళో కూరల కొట్టుకి వెళ్తే సోయకూర కట్టలు అప్పుడే తెచ్చి పెట్టారు, తడి ఇంకా ఆరలేదు. ఒక కట్ట తీసి ముక్కు దగ్గర పెట్టుకున్నానో లేదో, హలీనా వచ్చి పక్కన నిలబడినట్టనిపించింది. మా కరీంనగర్‌లో సోయకూరను పప్పులో వేస్తాం, అంతవరకే దాని మర్యాద. హలీనా మాత్రం బంగాళాదుంపల మీదా చల్లేది, చేప మీదా చల్లేది, ఆఖరికి నేను ప్రేమగా చేసి పట్టుకెళ్ళిన పులిహోర మీద కూడా చల్లింది. "ఇదేం ఖర్మ తల్లీ" అని తెలుగులోనే మొత్తుకున్నాను. అర్థం కాకపోయినా నా మొహం చూసి పడీ పడీ నవ్వింది. ఆ కట్ట కొనకుండా రాలేకపోయాను.

ఐర్లండులో నా మొదటి మేనేజరు హలీనా. ఖార్కివ్‌లో పుట్టిన ఉక్రెయిన్ మనిషి. నేను ఇంకా బళ్ళో చదువుకుంటున్న రోజుల్లోనే ఈ దేశం వచ్చేసింది. మాది చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీ. కరోనా తరువాత అందరం ఇళ్ళ నుంచే పనిచేసేవాళ్ళం. పొద్దున్నే వీడియో మీటింగు పెట్టి ఒక్కొక్కరినీ అవే ప్రశ్నలు అడిగేది. నిన్న ఏం చేశావు, ఇవాళ ఏం చేస్తావు, అడ్డం ఏమైనా ఉందా. మన పద్ధతి తెలుసుగా, ఏదైనా చెడిపోయిందని చెప్పాలంటే ముందు వానల గురించి మొదలుపెట్టి, అటు తిరిగి ఇటు తిరిగి, వినేవాళ్ళ ప్రాణం విసిగాక అసలు సంగతికొస్తాం. నేను అందులో ఆరితేరినదాన్ని. చేరిన వారంలోనే ఒకసారి అలా ఊరంతా తిప్పుతుంటే ఆమె చెయ్యెత్తి ఆపింది. "స్వప్నా, మొదటి మాట ముందు చెప్పు. కథ తరువాత వింటాను, తప్పకుండా వింటాను" అంది. నాకు ఒళ్ళు మండిపోయింది. ఎంత కటువుగా మాట్లాడుతుందమ్మా అని ఇంట్లో మా ఆయన దగ్గర సాయంత్రం దాకా సణిగాను. అయితే సంగతి చెప్పాక, ఆ కథంతా నిజంగానే కూర్చుని వింది. అంత ఓపిగ్గా నా గోడు విన్నవాళ్ళు ఈ దేశంలో అప్పటికి ఎవరూ లేరు.

మా చెల్లెలు శ్రావణి అప్పుడు ఖార్కివ్‌లోనే మెడిసిన్ చదువుతోంది. యుద్ధం వస్తుంది, వస్తుంది అని టీవీలవాళ్ళు గొంతు చించుకుంటుంటే నాకు కాళ్ళూ చేతులూ ఆడలేదు. వచ్చేయమని నేను, కదలొద్దని మా బాపు. "అటెండెన్సు పోతే ఏడాది పోతది బిడ్డా. గా పెద్ద పెద్ద దేశాలు ఉత్తగనే బెదిరించుకుంటయ్, ఏం గాదు" అనేవాడు. బాపు ఒక్కడే కాదు, అక్కడ పిల్లల్ని ఉంచి చదివిస్తున్న మనవాళ్ళ ఇళ్ళన్నిటా అదే మాట. తుపాకుల కన్నా అటెండెన్సుకే ఎక్కువ భయపడ్డాం. మాకు తెలిసిన ప్రమాదం అదొక్కటే మరి.

రష్యా సైన్యం సరిహద్దు దాటిన ఉదయం నేను లేచేసరికి శ్రావణి ఎన్నోసార్లు ఫోన్ చేసి ఉంది. నేను చేస్తే ఎత్తింది. "అక్కా, బాంబులు వడ్తున్నయే. హాస్టల్ కింద గదిల ఉన్నం. తాగనీకి నీళ్ళు గూడ లెవ్వు. బాపుకు చెప్పకు" అంది, లైను పోయింది. నేను అలాగే లాప్‌టాప్ ముందు కూర్చున్నాను. ఎందుకు కూర్చున్నానంటే చెప్పలేను, ఆ వేళకి అక్కడ కూర్చోవడం అలవాటు. తెర మీద హలీనా ఉంది. ఇంట్లోనే కోటు వేసుకుని ఉంది. పాపం ఆమెను ఏమని పలకరించాలో ఎవరికీ తోచక అందరూ తలలు దించుకున్నారు. ఆమె మామూలుగానే ఒక్కొక్కరినీ అడుగుతూ వచ్చింది. నా వంతు రాగానే భోరుమన్నాను. "మా చెల్లెలు ఖార్కివ్‌లో ఉంది" అన్నాను. అయ్యో అనలేదు, ఓదార్చలేదు. "ఏ వీధి?" అని అడిగింది.

నేను వీధి పేరు చెప్పాను. ఆమె మీటింగు ముగించి, రెండు వీధుల అవతల నుంచి నడిచి మా ఇంటికి వచ్చింది. మా వంటింట్లోనే కూర్చుని వాళ్ళ అమ్మకు ఫోన్ చేసింది. అప్పుడు తెలిసింది, వాళ్ళ అమ్మ అదే ఊళ్ళో ఒక్కతే ఉంటుందని. రిటైరైన బడిపంతులమ్మ, మొండి ఘటం. కూతురు ఎప్పటినుంచో రమ్మంటోంది, ఆవిడ ససేమిరా అంటోంది. ఆ రోజు కూడా ఫోన్లో తల్లీకూతుళ్ళు అరుచుకున్నారు. మధ్యలో హలీనా గొంతు మార్చి, మా చెల్లెలి హాస్టలు వీధి పేరు చెప్పింది. ఫోన్ పెట్టేసి, "అమ్మ వెళ్తోంది. ఆమె ఇంటి కింద నేలమాళిగ ఉంది, దుంపలూ ఊరగాయలూ ఉన్నాయి" అంది.

ఆ ముసలావిడ ఆ మోతల్లోనే హాస్టలు దాకా నడిచి వెళ్ళి శ్రావణినీ, దాని రూమ్మేటునీ వెంటబెట్టుకుని తన ఇంటికి తెచ్చుకుంది. వార్డుల్లో రోగులతో మాట్లాడి నేర్చుకున్న భాష శ్రావణికి అక్కరకొచ్చింది. ఆవిడను బాబూస్యా అని పిలిచేవాళ్ళు, అంటే వాళ్ళ భాషలో నాయనమ్మా అమ్మమ్మా కూడా. "మామిడికాయ తొక్కు వెట్టినమక్కా, కండ్లల్ల నీళ్ళు గారినయి గని మల్ల అడుగుతుంది" అని శ్రావణి చెప్తే, అన్ని రోజుల్లో మొదటిసారి నవ్వాను. హలీనా రోజూ పొద్దున నాకు ఫోన్ చేసి అవే ప్రశ్నలు అడిగేది. నిన్న పిల్లలు ఎక్కడున్నారు, ఇవాళ ఎక్కడికి కదులుతారు, అడ్డం ఏమిటి. ఏడవడానికి సందిచ్చేది కాదు. నేను కూడబలుక్కుని జవాబు చెప్పేదాన్ని, చెప్తూ చెప్తూ కొంచెం మనిషినయ్యేదాన్ని. ఒకరోజు ఉండబట్టలేక, "మరి మీ అడ్డం?" అని ఎదురడిగాను. "అమ్మ. రానంటోంది" అంది.

పడమటి వైపు వెళ్ళే రైళ్ళు నడుస్తున్నాయని తెలిశాక ఆమె ఒక ఎత్తు వేసింది. తల్లికి ఫోన్ చేసి, పిల్లలకు దారీ తెన్నూ తెలియదు, నువ్వు సరిహద్దు దాకా దిగబెట్టకపోతే దారిలోనే పోతారని చెప్పింది. నాకేమో, "మా అమ్మకు గుండె జబ్బు, ఒంటరిగా వదలొద్దని మీ చెల్లెలికి చెప్పు" అంది. "జబ్బుందా?" అని అడిగాను. "లేదు" అంది. ఏదీ దాచొద్దని మా అందరినీ కాల్చుకుతిన్న మనిషి ఇలా అడుగుతుంటే నేను ఆమె మొహంలోకి చూడలేకపోయాను. శ్రావణికి చెప్పాను. "నేనుండంగ ఆమెకేం గాదక్కా" అంది వెర్రి పిల్ల, డాక్టరమ్మ లెక్క.

స్టేషన్లో ఇసుక వేస్తే రాలనంత జనం. పెట్టె తలుపు దగ్గర నిలబడ్డ మనిషి ముందు మా దేశపు ఆడవాళ్ళూ పిల్లలూ అంటూ శ్రావణి వాళ్ళను వెనక్కి నెడుతున్నాడు. బాబూస్యా వాణ్ణి బళ్ళో పిల్లాణ్ణి కసిరినట్టు కసిరి, "ఇవి నా మనవరాళ్ళు" అని అరిచిందట. నల్లటి మా శ్రావణిని చూపించి మరీ. వాడు నోరెళ్ళబెట్టి దారి వదిలాడు. పిల్లలిద్దరూ ఎక్కారు. వెనకే ఆవిడా మెట్టెక్కింది. కింద ఒకామె చంటిబిడ్డతో ఏడుస్తూ నిలబడి ఉంది. బాబూస్యా దిగి, ఆమెను పైకి నెట్టింది. మళ్ళీ ఎక్కలేదు. నీకు గుండె జబ్బు, ఒక్కదానివే ఉండొద్దు, ఎక్కు అని శ్రావణి కేకలు పెడుతుంటే, తన గుండె మీద పిడికిలితో దబదబా బాదుకుని, "ఇది గట్టిగానే ఉంది! నా కూతురు పెద్ద అబద్ధాలకోరు!" అని నవ్విందట. రైలు కదిలింది.

శ్రావణి రైల్లోంచి ముందు నాకు ఫోన్ చేసింది. హలీనాకు నేనే చెప్పాలి. ఫోన్లో చెప్పడానికి మనసొప్పక వానలో తడుస్తూ వాళ్ళింటికి వెళ్ళాను. తలుపు తీసింది. "రైలు దొరికిందట, మస్తు జనం ఉన్నారట, తలుపు దగ్గర ఎవడో ఆపాడట..." అని మొదలుపెట్టాను. ఆమె నా రెండు భుజాలూ పట్టుకుంది. "స్వప్నా, మొదటి మాట ముందు."

"మీ అమ్మ ఎక్కలేదు."

అక్కడే మెట్ల మీద కూలబడింది. "శ్రావణి?" అంది. ఎక్కిందన్నాను. తలూపింది. తరువాత కథంతా చెప్పమంది, మొత్తం వింది. అబద్ధాలకోరు అన్న మాట దగ్గర నవ్వు వచ్చింది, ఆ నవ్వులోంచే ఏడుపూ వచ్చింది. నాకు మాత్రం లోపల ఒకటే పాట, నా చెల్లెలు బతికింది, నా చెల్లెలు బతికింది. ఆ తల్లి కూతురి ముందు ఆ సంతోషం ఎక్కడ బయటపడుతుందోనని తల వంచుకుని కూర్చున్నాను. ఆమె కనిపెట్టేసింది. "సంతోషించు. ఎవరో ఒకరు సంతోషించకపోతే మా అమ్మ అంత దూరం నడిచింది ఎందుకు?" అంది. ఆ మాటకి ఆమె కాళ్ళ మీద పడాలనిపించింది.

శ్రావణి సరిహద్దు దాటి ఇల్లు చేరింది. ఎండాకాలం వచ్చేసరికి హలీనా ఉద్యోగం మానేసి ఖార్కివ్ ప్రయాణమైంది. నేను పోట్లాడాను. అక్కడి నుంచి వచ్చేవాళ్ళే గానీ అక్కడికి పోయేవాళ్ళుంటారా అని నోటికొచ్చినట్టు తిట్టాను. ఆమె పెట్టె సర్దుకుంటూనే, "అమ్మ రాదు. కాబట్టి నేను వెళ్తున్నాను. ఇందులో నీకు అర్థం కానిదేముంది?" అంది. ఆమె టీము ఇప్పుడు నా చేతిలో ఉంది. నా ముందు ఎవరైనా వానల గురించి మొదలుపెడితే నేనూ చెయ్యెత్తుతాను. తరువాత కూర్చుని కథంతా వింటాను. రెండోది మొదటిదాని కన్నా కష్టం. ఓపిక చాలని రోజున హలీనాను తలుచుకుంటాను.

ఈ చలికాలంలో ఒక ఉదయం ఆమె ఫోన్ చేసింది. "అమ్మ పోయింది" అంది. అదే మొదటి మాట. ఆ తరువాత తీరిగ్గా చెప్పింది, తన మంచం మీదే, నిద్రలోనే పోయిందని, తాను పక్కనే ఉన్నానని.

నేను కరీంనగర్‌కు ఫోన్ చేశాను. శ్రావణి ఇప్పుడు డాక్టరు, ఆస్పత్రి నుంచి అప్పుడే ఇంటికొచ్చింది. "బాబూస్యా పోయిందే" అన్నాను. ఏడుస్తుందనుకున్నాను.

"అక్కా, ఫోన్ వెట్టకు. తానం జేసొస్త" అంది.

మన ఇళ్ళల్లో చావు కబురు విని నెత్తి మీద నీళ్ళు పోసుకునేది సొంత మనిషి పోతేనే. పరాయివాళ్ళకు అయ్యో అంటాం, అంతే. ఫోన్ అక్కడే పెట్టి వెళ్ళినట్టుంది, పెరట్లో బకెట్టు చప్పుడు వినిపించింది. వెనక నుంచి బాపు గొంతు.

"ఎవలు వొయిన్రు బిడ్డా?"

"బాబూస్యా, బాపూ."

"నాగ్గూడ నీళ్ళు తోడు" అన్నాడు బాపు.