పెండింగు కేసులు సైతం

ఎనభైల మొదట్లో నేను హన్మకొండ కోర్టులో జూనియర్ వకీలును. నల్లకోటు వేసుకుని రెండేళ్లు కూడా కాలేదు. ఉండేది మట్టెవాడలో, మా మేనత్త ఇంట్లో. ఒక సోమవారం ఉదయం మా సీనియర్ సారు సైక్లోస్టైల్ చేసిన కాగితాల కట్ట నా ముందు పెట్టారు.

"శుక్రవారం అసెంబ్లీ కమిటీ వస్తాంది. ఈ బిల్లు మీద మన అభిప్రాయం చెప్పాలె. అక్షరం వదలకుండ చదువు బిడ్డా."

చిన్న కేసులను ఊళ్లలోనే తేల్చడానికి గ్రామానికో న్యాయపీఠం పెట్టాలన్నది ఆ బిల్లు. ముగ్గురు ఊరి పెద్దలను ప్రభుత్వం నియమిస్తుంది. వకీళ్లు అడుగుపెట్టకూడదు. జిల్లా జడ్జి అనుమతిస్తే తప్ప అప్పీలు లేదు. నిజం చెప్పాలంటే, మొదటిసారి చదివినప్పుడు నాకు నచ్చింది. రెండు బస్సులు మారి వచ్చి, వాయిదా పడిందని విని, సద్దిమూట విప్పకుండానే తిరిగిపోయే మనుషులను రోజూ చూస్తున్నదాన్ని.

బార్ రూములో మాత్రం ఒకటే అరుపులు, మన పొట్ట కొడుతున్నారని. సారు విని ఊరుకున్నారు. బయటికొచ్చాక నాతో, "పొట్ట మాట ఎత్తినమా, మిగిలిన మాటలు ఎవ్వడూ వినడు. ఆ కుర్చీల ఎవరు కూసుంటరో, అది అడగాలె" అన్నారు.

బుధవారం మధ్యాహ్నం చివరి పేజీకి వచ్చాను. సాధారణంగా ఎవరూ చదవని చోటు అది. ఫారాల నమూనాల పైన, ఇరుకుగా రెండు పంక్తులు. చట్టం వచ్చేనాటికి కోర్టుల్లో పెండింగులో ఉన్న చిన్న కేసులు సైతం ఆయా ఊళ్ల పీఠాలకు వెళ్లిపోతాయని వాటి సారాంశం. మళ్లీ చదివాను.

నా దగ్గర అలాంటి కేసు ఒకటుంది. నలభై ఏళ్ల ఆడమనిషి, భర్త లేడు, ఎకరం వరిమడి. కాలువ నీళ్లు తమ పొలాలకు మళ్లించుకుంటుంటే అడ్డం పోయినందుకు ఆ ఊరి పటేల్ మనుషులు ముగ్గురు ఆమెను జుట్టు పట్టి ఈడ్చి గట్టు మీద పడేశారు. ఏడాదిన్నరగా కోర్టుకు తిరుగుతోంది. బోనులో నిలబడి తడబడకుండా సాక్ష్యం చెప్పింది. దవాఖాన డాక్టరు సాక్ష్యం ఒక్కటే మిగిలింది. ఈ రెండు పంక్తులతో ఆ కేసు ఊరికి పోతుంది. అక్కడ పటేల్ తమ్ముడిని కాదని పెద్దమనిషిగా ఎవరిని వేస్తారు?

మర్నాడు ఆమె వాయిదాకు వచ్చినప్పుడు విషయం చెప్పాను.

"అంటే మళ్ల ఆళ్ల వాకిట్లనే నిలబడాల్నా?" అంది.

"రేపు మీటింగుల నేను చెప్త. నీ పేరు గానీ ఊరు గానీ ఎత్తను. నువ్వైతే రావద్దు."

మీటింగు ఎక్కడని మాత్రం అడిగింది.

శుక్రవారం సర్కారు అతిథిగృహం హాలు నిండిపోయింది. బిల్లు బాగుందని చెప్పడానికి ఊళ్ల నుంచి పెద్దమనుషులు వచ్చారు. రెండో వరసలో తెల్లబట్టల్లో పటేల్ కూర్చుని ఉన్నాడు. సారు మోచేత్తో పొడిచి, "పట్టింది నువ్వు. నువ్వే చెప్పు" అన్నారు.

చెప్పాను. న్యాయశాఖ అధికారి నవ్వి, "అలాంటిదేం లేదమ్మా, మీరు పొరబడ్డారు" అన్నాడు. పేజీ నంబరు చెప్పాను. ఆయన తిప్పాడు, చదివాడు, కళ్లజోడు సర్దుకుని మళ్లీ చదివాడు. కమిటీ పెద్ద వైపు వంగి చెవిలో ఏదో చెప్పాడు.

"సరే, పాత కేసులు ఊరికి పోతే నష్టమేంది? జల్దీ తేలుతయి గద," అన్నాడు కమిటీ పెద్ద. "ఒక ఉదాహరణ చెప్పు."

ఉదాహరణ నాలుక చివరనే ఉంది. పటేల్ నన్నే చూస్తున్నాడు. పేరు చెప్పకపోయినా, కాలువ అన్నా చాలు, అతనికి అర్థమైపోతుంది. చెప్పకపోతే మాట అక్కడితో చచ్చిపోతుంది.

"చెప్పమ్మా, టైం అయిపోతాంది."

"నేను చెప్త."

వెనక తలుపు దగ్గర నుంచి వచ్చింది ఆ గొంతు. బంట్రోతు చెయ్యి అడ్డం పెట్టబోతే కమిటీ పెద్ద రానివ్వమన్నాడు. ఆమె భుజాల చుట్టూ కొంగు కప్పుకుని వచ్చి నాకంటే ఒక అడుగు ముందు నిలబడింది.

"అయ్యా, నన్ను కొట్టినోళ్ల మీద నేను కేసు పెట్టిన. ఇక్కడి జడ్జి సారు నాకు చుట్టం కాదు, ఆళ్లకూ చుట్టం కాదు. అడిగిండు, చెప్పిన. ఇయ్యాల గా కేసు మా ఊరికి పంపుతే అక్కడ కూసునేది పటేల్ తమ్ముడు. ఆయన ముంగట నేనేం చెప్పాలె? నా దిక్కు మాట్లాడ లాయరమ్మను గూడ రానియ్యరట." ఆమె చెయ్యెత్తి రెండో వరసను చూపింది. "గాయన గీడనే ఉన్నడు, అడుగుండ్రి."

పటేల్ తల పక్కకు తిప్పుకున్నాడు. కమిటీ పెద్ద ఏదో రాసుకుని తర్వాతి మనిషిని పిలిచాడు.

బయట ఆమె మీద కేకలేశాను. "ఎందుకొచ్చినవు? ఇప్పుడు ఊరికెట్ల పోతవు?"

"మీరు చెప్తరనే వచ్చి తలుపుకాడ నిలబడ్డ. మీకు గొంతు పెగల్లేదు," అంది. అందులో నిష్ఠూరం లేదు. అందుకే తట్టుకోలేకపోయాను.

ఆమెను మూడు రోజులు మా ఇంట్లోనే ఉంచుకున్నాను. మేనత్తతో కూర్చుని బియ్యంలో రాళ్లు ఏరేది. గొళ్లెం చప్పుడైతే నేనే ఉలిక్కిపడేదాన్ని. సారు పోలీసు స్టేషనుకు వెళ్లి, ఆమెకేమైనా అయితే ఎవరిని అడగాలో కాగితం మీద రాసిచ్చి వచ్చారు. నాలుగో రోజు ఆమె, "మేకలు ఆకలికుంటయి" అని బస్సెక్కింది. తర్వాతి వాయిదా దాకా ఏ కబురూ లేదు. ఆ రోజు కోర్టు మెట్ల మీద ఆమె కనిపించేసరికి పరుగున ఎదురెళ్లాను. కొట్టలేదట. కాలువకు అడ్డుకట్ట వేశారట. మడి ఎండిపోయింది.

కొన్ని నెలలకు సవరించిన బిల్లు వచ్చింది. ఆ రెండు పంక్తులు లేవు. వకీళ్లు రాకూడదన్న మాట మాత్రం అలాగే ఉంది. ఆ తర్వాత ఎన్నికలొచ్చాయి, బిల్లు ఊసే ఎవరూ ఎత్తలేదు.

ఆమె కేసులో ఇద్దరికి జరిమానా పడింది. మూడోవాడు కొట్టాడో లేదో గట్టిగా తేలలేదని సంశయ లాభం కింద వదిలేశారు. అదేమిటని అడిగితే విడమరిచి చెప్పాను.

"ఎవరికి సంశయం? నాకైతే లేదు," అంది. కాసేపు మెట్ల మీద కూర్చుని, లేచి కొంగు దులుపుకుంది. "నీళ్ల సంగతి రాయుండ్రి లాయరమ్మా."

ఆ మధ్యాహ్నమే కాలువ మీద దావా రాయడం మొదలుపెట్టాం.