పడవ ఇచ్చి తెచ్చిన కుళాయి

ఇందుమూలముగా ఊరి ప్రజలకు తెలియజేయడమేమనగా, ఒడ్డున ఉన్న కుళాయిని వాడినవారు వాడిన వెంటనే గట్టిగా కట్టవలెను. గంప కడిగినవారు చేప పొలుసులు అక్కడే వదలరాదు. కుళాయి గట్టు మీద కూర్చుని చుట్ట కాల్చరాదు. ఈ ఉత్తర్వులు జారీ చేసిన మా పక్కింటి బావ, ఊరి మాజీ ప్రెసిడెంటు, మొన్న మంగళవారం పొద్దున్న పోయాడు. జ్వరమన్నారు, మూడు రోజులన్నారు, అంతే.

బయటివాళ్ళకి ఒక సంగతి చెప్పాలి. మా ఊళ్ళో ప్రెసిడెంటు పదవికి ఓట్లు పడవు. ఎన్నికలొస్తే సారాకీ బిరియానీకీ ఇళ్ళు గుల్లవుతున్నాయని పెద్దలు ఒక ఉపాయం కనిపెట్టారు. కోవెల ముందు వేలం పాట పెడతారు. ఎక్కువ పాడినవాడు ప్రెసిడెంటు, డబ్బు కోవెలకి. మిగతావాళ్ళెవరూ నామినేషను వెయ్యరు. ఆ రకంగా ఊరందరి ఇళ్ళూ నిలిచాయి, ఒక్కడిది తప్ప.

బావకి పదవి మీద మోజు లేదు. ఒడ్డున మంచినీళ్ళ కుళాయి కావాలి. ఆడవాళ్ళు కంపు గంపలు కడగడానికి ఊళ్ళోకి మోసుకుపోతుంటే చూడలేక పంచాయతీ ఆఫీసు చుట్టూ రెండేళ్ళు తిరిగాడు. చివరికి ఆ కుర్చీలో తానే కూర్చుంటే పోతుందనుకున్నాడు.

పాట రోజు అతనొక్కడే పాడాడు. పెద్దలు సరే అనబోతున్నారు. ఇంత సులువుగా అయిపోతే సరదా ఏముందనిపించి, నేను ఒక మాట ఎక్కువ పాడాను. జేబులో టీ డబ్బులు కూడా లేవు.

"ఒరే, నీకేటిరా? నీకు తెడ్డు కూడా నేదు!" అన్నాడు బావ.

"నాకు నేకపోతేనేటి బావా, నా ఎనకాల ఉన్నోళ్ళకి ఉన్నాది!"

జనం నవ్వారు. బావ నవ్వలేదు. తనంటే పడని పై వీధివాళ్ళు నన్ను పోటీకి నిలబెట్టారని నమ్మేశాడు. పెంచాడు. నేనూ పెంచాను. నాలుగోసారి పాడేముందు అతను ఒడ్డు వైపు తిరిగి తన పడవని చూసుకున్నాడు. అప్పుడు నోరు మూసుకున్నాను. అప్పటికే పడవా, దాని ఇంజనూ రెండూ పాటలో కలిసిపోయాయి.

మర్నాడు బావ పెళ్ళాం, నాకు అక్క వరస, మా గుమ్మంలోకి వచ్చింది. "నీ నాలిక తెగ! నీ నవ్వులాటకి మా పడవ పోనాదిరా!" అంది. నేను వేపపుల్ల నములుతూ నిలబడ్డాను.

ప్రెసిడెంటయ్యాక బావ పరాయి పడవలో కూలికి వెళ్ళాడు. "పెసిడెంటు గోరూ, వల బరువుగా ఉన్నాదాండీ?" అని తోటివాళ్ళు ఏడిపించేవారు. "నువ్వు నాకు ఓటేసినావేటి, ఎటకారాలాడతన్నావు? లాగు!" అనేవాడు. అయిదేళ్ళ పదవిలో కుళాయి ఒక్కటే వచ్చింది. దాన్నుంచి చుక్క కారినా ఊరుకునేవాడు కాదు. కట్టకుండా వెళ్ళినవాళ్ళని వెనక్కి పిలిచేవాడు. "సముద్రంలో నేవేటి నీళ్ళు?" అని ఎవరైనా అంటే, "అయి తాగి సూడు" అనేవాడు.

ఒకసారి అక్కడే కాళ్ళు కడుక్కుంటూ నాతో అన్నాడు: "ఒరే, నువ్వు ఉత్తినే పాడినావని నాకప్పుడే తెలుసు. పోనీలే."

మొన్న అతనికి స్నానం చేయించే నీళ్ళు ఆ కుళాయి దగ్గరే పట్టారు. బిందె ఎత్తుకున్నవాడు కట్టకుండా వెళ్ళిపోయాడు. నేను కట్టాను.

ఇంత రాశాక అబద్ధం ఉంచకూడదు. "పోనీలే" అని బావ ఎప్పుడూ అనలేదు. ఆ పాట తర్వాత నాతో మాట్లాడనే లేదు. నేను కుళాయి దగ్గరకి వస్తే కడుగుతున్న కాళ్ళు సగంలో ఆపి, కుళాయి కట్టేసి, తడికాళ్ళకి ఇసక అంటుకుంటుండగా నడిచి వెళ్ళిపోయేవాడు.