ఓబులేసన్న మీద పడిన నా తప్పు

తొమ్మిదేళ్లుగా మోస్తున్నాను దీన్ని. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నానేమో. నా పేరు అడగకండి. మాది నంద్యాల, నాయన చర్చి బడిలో లెక్కలు చెప్పేవాడు. నేనిప్పుడు న్యూజిలాండ్‌లో గ్లైడర్ నడపడం నేర్పుతున్నాను. గ్లైడర్ అంటే ఇంజన్ లేని విమానం. తాడుతో లాగి గాలిలోకి వదిలితే, పైకి లేచే వేడిగాలిని వెతుక్కుంటూ తిరిగి నేలకు దిగాలి. సరిగ్గా దిగడం లేదని మళ్లీ పైకి లేపే వీలుండదు.

ఈ విద్య నాకు నేర్పింది ఓబులేసన్న. ఆళ్లగడ్డ మనిషి. ఇంటిల్లిపాదీ విగ్రహాలు చెక్కుతుంటే ఆయనొక్కడే ఆకాశం మీద మనసు పడ్డాడు. ఇద్దరం వేరే రాష్ట్రంలో ఒకే క్లబ్బులో పనిచేశాం. నేను భయంతో బిగుసుకుపోతే వెనక సీట్లోంచి, "నడిపే కడ్డీని అంత గట్టిగా పట్టుకోవద్దు మ్మా, అది ఎగరాలనే చూస్తాంది" అనేవాడు. నా చేతుల్లో ఉన్నదంతా ఆయన పెట్టిందే.

ఒకరోజు సాయంత్రం చివరి ఫ్లైట్ నేనొక్కదాన్నే నడిపాను. దిగేటప్పుడు ఎదురుగాలి ఉన్నట్టుండి పడిపోయింది. గ్లైడర్ నేలకు దబ్బున కొట్టుకుంది. దిగి, వంగి చూశాను. పైకి ఏమీ కనబడలేదు. అలా జరిగితే వెంటనే చెప్పాలి. మెకానిక్ విప్పి చూసేదాకా దాన్ని ఎవరూ నడపకూడదు. నేర్చుకోవడానికి వచ్చినవాళ్లకు మేం మొదటిరోజే చెప్పే మాట ఇది.

నేను చెప్పలేదు. ఎందుకు చెప్పలేదు? విదేశాల్లో ఈ విద్య నేర్పేవాళ్లలో చాలామంది సెలవురోజుల్లో జీతం లేకుండానే నేర్పుతారు. జీతమిచ్చే ఉద్యోగం ఎప్పుడో ఒకటి పడుతుంది. ఆ వారమే అలాంటిదానికి నేనూ ఓబులేసన్నా ఇద్దరం దరఖాస్తు పెట్టాం. ఈ ఏడాది నీ చేతిలో విమానానికి దెబ్బ తగిలిందా అని అందులో ఒక ప్రశ్న ఉంది. లేదని రాసి అప్పటికి రెండురోజులైంది. పైకి ఏమీ కనబడలేదు కదా అని నాకు నేనే చెప్పుకున్నాను.

మర్నాడు పొద్దున ఓబులేసన్న ఒక బ్యాంకు ఉద్యోగిని ఎక్కించుకుని అదే గ్లైడర్‌లో వెళ్లాడు. వెళ్లేముందు అంతా చూసుకున్నాడు. పగులు లోపల ఉంది, ఆయనకెలా కనబడుతుంది? దిగగానే చక్రం విరిగి లోపలికి పోయింది. ఆయనకు మోచేయి గీసుకుపోయింది. బ్యాంకతనికి వెన్నుపూస దెబ్బతింది. మూడు నెలలు మంచం మీద ఉండి లేచి నడిచాడు. దానికి ఇప్పటికీ రోజూ ప్రార్థనలో దేవునికి వందనాలు చెప్పుకుంటాను.

విచారణలో నన్నూ అడిగారు, ముందురోజు ఏమైనా జరిగిందా అని. "లేదు సార్" అన్నాను. అంతే. నిర్లక్ష్యంగా దించాడని ఓబులేసన్నను శిక్షకుడి పనినుంచి తీసేశారు. ఆయన ఆళ్లగడ్డ వెళ్లి ఉలి పట్టాడు.

మేం దరఖాస్తు పెట్టిన న్యూజిలాండ్ క్లబ్బు నన్ను ఎంచుకుంది. నేర్పిన గురువు చేత ఒక ఫారం నింపించి పంపమంది. నంద్యాలలో ఆళ్లగడ్డ బస్సెక్కాను. ఫారం సంచిలో ఉన్నా, నిజం చెప్పేయాలనే వెళ్లాను. నమ్ముతారా? నేనైతే నమ్మాను. రోడ్డు పక్క షెడ్డులో, కనుబొమ్మల నిండా రాతిపొడితో ఉన్నాడు.

"ఏం మ్మా, ఇంత దూరం వచ్చినావ్?"

"అన్నా, ఆ పొద్దు గ్లైడర్..."

"దాని సంగతి ఇడ్సిపెట్టు. నీకు ఉద్యోగం వచ్చిందంటనే, నిజమేనా?"

"వచ్చేటట్టుంది. నువ్వు రాసియ్యాలంట."

"ఇంగేం మరి, ఇట్లియ్యి."

చేతులు కడుక్కుని, తువ్వాలుతో తుడుచుకుని, రాతిదిమ్మె మీద కాగితం పెట్టుకుని రాశాడు. ఒకచోట ఆగి నవ్వాడు. "తప్పు చేస్తే తానే ఒప్పుకుంటాదా అని అడుగుతాండారు. ఇది కూడా అడగాల్నా?" అని, అవునని రాశాడు. పెన్ను లాక్కోలేదు నేను. ఆయన తెప్పించిన కాఫీ తాగి వచ్చేశాను. విచారణలో నేనన్న ఆ రెండు మాటలు పెద్ద తప్పా, ఈ కాఫీనా? ఇప్పటికీ తేల్చుకోలేను.

ఈ ఉద్యోగం నాకు ఎంతో ఇచ్చింది. ఇక్కడ కొండల మీదుగా గాలి లేచే తెల్లవారుఝాములు, మొదటిసారి ఒంటరిగా ఎగిరి దిగినవాళ్లు పరిగెత్తుకొచ్చి నా చేతులు పట్టుకోవడం, నంద్యాలలో మా వీధిలో ఎవరూ ఊహించని బతుకు, ఇవన్నీ ఆయన కాగితం మీద పెట్టిన సంతకం వల్లే వచ్చాయని తెలిసి కూడా సంతోషంగా ఉన్నాను. అలా ఉండటం తప్పేమో. కానీ అబద్ధం చెప్పలేను.

పోయిన నెల నా దగ్గర నేర్చుకునే ఒక పెద్దావిడ గ్లైడర్‌ను గట్టిగా దించింది. దిగీ దిగగానే మైదానం దాటుకుని నడిచొచ్చి, "నేనే కొట్టాను, చూడండి" అంది, పదిమంది ముందు. ఆమెకు థాంక్స్ చెప్పి, షెడ్డు వెనక్కి వెళ్లి ఏడ్చాను.

మర్నాడు పాత క్లబ్బుకు జరిగిందంతా రాసి పంపాను. నేనిప్పుడు పనిచేసే చోట కూడా చెప్పాను. ఏం చేస్తారో వాళ్లింకా చెప్పలేదు. ఆ తర్వాత ఆళ్లగడ్డకు ఫోన్ చేశాను.

"అన్నా, ముందురోజు సాయంత్రం ఆ గ్లైడర్‌ను నేలకు కొట్టింది నేనే. నీకూ చెప్పలేదు, విచారణలోనూ చెప్పలేదు."

అవతల ఉలి చప్పుడు ఆగిపోయింది. చివరికి, "మళ్ల మాట్లాడ్తా" అన్నాడు. పెట్టేశాడు.

పదకొండు రోజులైంది. ఆయన ఫోన్ చేయలేదు. చేయాలని అడిగే హక్కు నాకు లేదు. మధ్యలో ఫోన్ పెట్టేయకుండా చివరిదాకా విన్నాడు, అదే నాకు ఎక్కువ. ఆరోజు ఫోన్ ఒళ్లో పెట్టుకుని మెట్టు మీద కూర్చుండిపోయాను. తర్వాత లేచి, ఆ రోజు నేర్చుకోవడానికి వచ్చినవాళ్ల దగ్గరికి నడిచాను.