వేసవిలో చెప్పిన ఎలుగుబంటి కథ

మా ఆయన నన్ను అనుమానప్పక్షి అని ఏడిపించేవారు. సూపర్ మార్కెట్‌లో ఊరికే రుచి చూడమని ఇచ్చే చీజ్ ముక్కని కూడా అటూ ఇటూ తిప్పి చూసి గాని నోట్లో పెట్టుకోనని ఆయన ఫిర్యాదు. నిజమే. ఊరికే ఇచ్చేవాడు తరువాత ఏం అడగబోతున్నాడో తెలిసేదాకా నాకు ముద్ద దిగదు. అలాంటిదాన్ని డెబ్భైల చివర్లో మిన్నెసోటాలో ఒక చిన్న పబ్లిక్ టీవీ స్టేషన్‌లో టైపిస్టుగా చేరాను. చందాలతో, గ్రాంట్లతో నడిచే స్టేషన్ అది. మా ఆయన యూనివర్సిటీలో మట్టి పరీక్షలు చేసుకుంటూ ఉంటే, నేను కార్యక్రమాల విభాగంలో కూర్చుని స్క్రిప్టులు టైపు చేసేదాన్ని, మీటింగుల క్యాసెట్లు విని కాగితం మీద పెట్టేదాన్ని.

కొన్నాళ్లకి స్టేషన్‌కి ఒక కొత్త గ్రాంటు వచ్చింది. టీవీకి నాటకాలు రాయాలనుకునే కొత్త అమెరికన్ ఆదివాసీ రచయితలకి డబ్బిచ్చి, స్క్రిప్టు ఒక కొలిక్కి వచ్చేదాకా తోడుండి, చివరికి ఒకదాన్ని ఎంచుకుని అరగంట నాటకంగా తీయాలి. అప్పటిదాకా టీవీలో ఆదివాసీ అంటే గుర్రమెక్కి అరుచుకుంటూ వచ్చి తుపాకి దెబ్బకి కిందపడేవాడే. గ్రాంటు సంగతి ఇంట్లో చెబితే మా ఆయన సంతోషించారు.

"మంచి ప్రోగ్రామ్ కదా. నీకెందుకంత దిగులు?"

"రాసింది చివరికి ఎవరిదవుతుందో ఎవరూ చెప్పడం లేదండీ."

"నీకు గ్రాంట్ ఇచ్చినా అనుమానమే, ఇవ్వకపోయినా అనుమానమే" అన్నారు పెరుగన్నం కలుపుకుంటూ.

ఈ పని చూసుకునే ప్రొడ్యూసర్ పొడుగ్గా ఉండే మెత్తని మనిషి. ఎవరితో మాట్లాడినా చేతులు రెండూ గుండెల దగ్గర పెట్టుకుని వినేవాడు. గ్రాంటు వచ్చిన వారానికే ఆయన వేలికి ఆదివాసీల పనితనపు నీలంరాయి వెండి ఉంగరం కొత్తగా వచ్చింది. నా అనుమానం మొదట ఆ ఉంగరం మీదే పుట్టింది. ఆయన సాయానికి లాస్ ఏంజిలెస్ నుంచి ఒక సీనియర్ రచయితని పిలిపించాడు. కొత్తవాళ్ల కథలకి మరమ్మతులు చేయడం ఈయన పని. మధ్యాహ్నం పూట వచ్చే సీరియళ్ల మాట ఎవరైనా ఎత్తితే ముక్కు చిట్లించేవాడు. పేరుకి సలహాదారే గాని, ఎవరు నోరు విప్పినా ఆయన పెన్ను ఆగేది కాదు.

ఆ ఏడు వచ్చిన స్క్రిప్టుల్లో ఒకటి ఉత్తరాన ఉన్న ఒక రిజర్వేషన్ నుంచి, అంటే ఆదివాసీలకి ప్రభుత్వం విడిచిపెట్టిన ప్రాంతం నుంచి వచ్చింది. రాసిన అమ్మాయి అక్కడి ఆస్పత్రిలో చిన్న ఉద్యోగం చేసుకుంటూ అమ్మమ్మ దగ్గర ఉండేది. ఇరవై నాలుగో ఇరవై అయిదో ఉంటాయి. మీటింగ్ ఉన్నప్పుడల్లా బస్సులో వచ్చి, మొహం కడుక్కుని, నా టేబుల్ పక్కనున్న కుర్చీలో కూర్చునేది. మాటకి ముందు మనిషిని ఎగాదిగా చూసేది. ఆ చూపు నాకు బాగా తెలిసిన చూపు కాబట్టి మాకు స్నేహం కుదిరింది.

ఆమె నాటకంలో పెద్ద సంఘటనలేమీ లేవు. ఒక ఇల్లు, ఒక రోజు. నగరం నుంచి ఓడిపోయి తిరిగొచ్చిన కూతురు తల్లితో మాట్లాడలేక గిన్నెలు తోముతూ ఉంటుంది. పిల్లలు కథ చెప్పమని ముసలామె ప్రాణం తీస్తుంటారు. ఆవిడ ప్రతిసారీ కిటికీలోంచి చూసి, ఇంకా మంచు పడలేదు పొమ్మంటుంది. చివరికి సాయంత్రం మంచు మొదలవుతుంది. ముసలామె లేచి టీవీ కట్టేసి, కూతుర్ని కూడా పిలిచి పక్కన కూర్చోబెట్టుకుని, చెప్పడానికి నోరు తెరుస్తుంది. అక్కడితో అయిపోతుంది. ఆ ఆఖరి పేజీ టైపు చేశాక నేను కాసేపు మరో కాగితం ఎక్కించలేకపోయాను. అంత బాగుంది. ఆ వెంటనే ఎప్పటిలాగే నా పురుగు నన్ను తొలిచింది.

"ఇంతకీ ఆ కథ ఏది? రాయలేదా, నీకు రాదా?" అని ఆమెనే అడిగాను.

"వచ్చు. మాలో ఆ కథలు నేల మీద మంచున్నప్పుడే చెప్పాలి. ఇది జూన్ నెల."

"చెప్పొద్దులే, రాయొచ్చుగా."

"కాగితం మీద పెడితే ఎండాకాలంలో ఎవరో ఒకరు చదువుతారు. ముందు మీరే చదివేవాళ్లు."

జవాబు నచ్చింది గాని అనుమానం పోలేదు. రాని కథకి ఇంతకన్నా మంచి సాకు దొరకదనిపించింది. ఆ మాట ఆమెతో అనలేదు.

ఆగస్టులో స్క్రిప్టుల మీద ఆఖరి మీటింగ్ పెట్టారు. క్యాసెట్లు మార్చడానికి నన్ను గదిలోనే కూర్చోమన్నారు. సీనియర్ రచయిత ఆమె స్క్రిప్టుని వేలితో తడుతూ, చివర్లో తలుపు మొహం మీద వేసేశావన్నాడు. ముసలామె చెప్పే కథని చూపించాలట, మాస్కులు, డప్పులు, పొగ పెట్టాలట. ఆ అమ్మాయి మంచు సంగతి చెప్పింది. ఆయన తలూపి మళ్లీ అదే అడిగాడు. ప్రొడ్యూసర్ చేతులు గుండెల దగ్గర పెట్టుకున్నాడు.

"ఈ గదిలో ఉన్నది మనమే. మాకు చెప్పు చాలు. కథ ఏమిటో తెలియకపోతే నాటకాన్ని ఎంచుకునే కమిటీ ముందు నీ తరఫున నేనేం మాట్లాడగలను?"

టేబుల్ మీద రికార్డర్ తిరుగుతూనే ఉంది. మనమే ఉన్నప్పుడు అదెందుకు అని నాకు నోటిదాకా వచ్చింది. ఆ అమ్మాయి గ్లాసులో నీళ్లు తాగి, రికార్డర్ని ఒకసారి చూసి, చెప్పడం మొదలుపెట్టింది. ఒక ఎలుగుబంటి, దాని భార్య కొంగ. గొంతు తగ్గించి, మధ్యమధ్య ఆగి, ఎంతో అందంగా చెప్పింది. అయ్యేసరికి ప్రొడ్యూసర్ కళ్లు తుడుచుకుంటున్నాడు, సీనియర్ రచయిత రాసుకుంటూ పేజీ తిప్పుతున్నాడు. బయట ఎండ మండిపోతోంది. జూన్‌లో నాకు చెప్పనిది ఆగస్టులో వీళ్లకి ఎలా చెప్పేసిందా అనుకుంటూ నేను క్యాసెట్ తీసి డబ్బాలో పెట్టుకున్నాను.

మర్నాడు హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఆ కథంతా కాగితం మీద పెడుతుంటే విషయం అర్థమైంది. ఎలుగుబంటి కొండ మీంచి పడుతుంది, తలకి దెబ్బ తగిలి గతం మరిచిపోతుంది. చచ్చిపోయిందనుకుని కొంగ దాని తమ్ముణ్ణి పెళ్లాడబోతుంది. సరిగ్గా ఆ వేళకి ఎలుగుబంటి మొహం మీద మచ్చతో తిరిగొస్తుంది. కొంగకి ఎవరికీ తెలియని కవల చెల్లెలు ఒకతి బయటపడుతుంది. తలకి దెబ్బ తగిలి గతం మరిచిపోవడం విజయవాడ సినిమా హాళ్లలో నేను లెక్కలేనన్నిసార్లు చూశాను. ఎలుగుబంటికి ఆ జబ్బు రావడం మాత్రం అదే మొదటిసారి.

రాత్రికి ఊళ్లోనే ఉండిపోయిన ఆమెని ఆ సాయంత్రం నేనే కారులో బస్ స్టేషన్‌కి తీసుకెళ్లాను.

"నిజం చెప్పు. అది మీ కథేనా?"

కిటికీలోంచి బయటికి చూస్తూ నవ్వడం మొదలుపెట్టింది. "మా అమ్మమ్మ రోజూ మధ్యాహ్నం చూసే సీరియల్. అందులో డాక్టర్ని ఎలుగుబంటిని చేశాను."

"కొంగ?"

"నర్సు."

నవ్వు ఆగక కారు పక్కకి తీసి ఆపాల్సి వచ్చింది. ఎందుకలా చేశావంటే, "వాళ్లు వదిలేట్టు లేరు. ఏదో ఒకటి చేతిలో పెడితే అసలుది అడగరనుకున్నాను" అంది. నాకు పట్టరాని ఆనందమేసింది. నాలాంటి మనిషి ఇంకొకతి ఈ దేశంలో ఉందనిపించింది.

రెండు వారాల తరువాత కమిటీ ఆమె నాటకాన్నే ఎంచుకుంది. కాకపోతే చివరి పది నిమిషాలూ ఎలుగుబంటి కథ ఉండాలన్నది షరతు. ఆమె బస్సు దిగి వచ్చి నా పక్కన కూర్చుంది.

"మా అమ్మమ్మలాంటి మనిషి నోట్లో ఆ కథ పెట్టి చూపిస్తారు. మా ఊళ్లో అందరూ చూస్తారు."

"ముందు డబ్బు తీసుకో. షూటింగ్ లోపల మార్చేద్దువుగాని."

"మార్చనిస్తారా? మీరు చెప్పండి, మీరు నమ్ముతారా?"

నన్ను పట్టుకుని నమ్ముతారా అని అడిగితే నేనేం చెప్పను? ఆ నాటకం కోసం ఆమె ఆస్పత్రిలో సెలవులన్నీ వాడేసుకుంది. అది తెరమీదికి రావడం తప్ప ఆమెకి ఇంకో కోరిక లేదని నాకు తెలుసు. అయినా లేచి ప్రొడ్యూసర్ గదిలోకి వెళ్లింది. తలుపు ఓరగా ఉంది, నేను టైపు చేయడం ఆపేశాను.

ఉన్నదున్నట్టు చెప్పింది. అది తమవాళ్ల కథ కాదని, టీవీ సీరియల్ అని, కావాలంటే మధ్యాహ్నం టీవీ ఆన్ చేస్తే ఆయనకే తెలుస్తుందని చెప్పింది.

"మీ పెద్దలు కోప్పడ్డారు కదూ" అన్నాడాయన, ఎంతో మెత్తగా. "చెప్పకూడని కథ చెప్పేశావు. ఇప్పుడు దాన్ని కాపాడుకోవడానికి ఇలా అంటున్నావు. నేను దాన్ని గౌరవిస్తాను."

ఎంత చెప్పినా ఆయన నమ్మలేదు. పవిత్రమైన కథని బలవంతాన తీయించడం తన వల్ల కాదని, ఆమె మీద ఒత్తిడి పెట్టనని చెప్పి, గ్రాంటు ఇంకో కుర్రాడి బాస్కెట్‌బాల్ నాటకానికి ఇప్పించాడు. అది మంచి నాటకమే, బాగానే తీశారు. ఆమె స్క్రిప్టు మాత్రం కవరులో పెట్టి ఆమెకే తిరిగిచ్చేశారు. ఆ రాత్రి కోపంతో నేను వంట కూడా చేయలేదు.

"అబద్ధం చెబితే ఏడ్చాడు, నిజం చెబితే అనుమానపడ్డాడు" అన్నాను మా ఆయనతో. ఆయన లేచి బియ్యం కడిగారు.

సీనియర్ రచయిత నోట్సు ఏమైందా అని నేను అప్పుడే అనుకున్నాను. కొన్నేళ్లకి అది తెలిసింది. ఆయన పిల్లల కోసం ఒక సిరీస్ తీశాడు. అందులో ఒక భాగంలో ఎలుగుబంటి కొండ మీంచి పడింది. డప్పులున్నాయి, పొగ ఉంది, ఇది ఉత్తర దేశపు అతి పురాతన కథ అని మొదట్లో ఒక బొంగురు గొంతు చెప్పింది. నేను వెంటనే ఆ అమ్మాయికి ఫోన్ చేశాను.

"చూశాం. కవల చెల్లెలు వస్తుందని అమ్మమ్మ ముందే చెప్పేసింది" అంది. ఇద్దరం ఫోన్లో పడీపడీ నవ్వుకున్నాం. అసలు కథ భద్రంగా ఉంది, దొంగకి గాజుపూస దక్కింది అనుకుని నేను హాయిగా నిద్రపోయాను.

ఆ మరుసటి వేసవి, జూన్ మొదట్లో, ఒక శనివారం మధ్యాహ్నం ఆమె నుంచి ఫోన్ వచ్చింది. బడి మూసే వారంలో వాళ్ల ఊరి టీచర్, మంచి మనసుతోనే, ఆ భాగం క్యాసెట్ తెప్పించి పిల్లలకి చూపించిందట. ఇది మీ తాతముత్తాతల కథ, గుర్తుంచుకోండి అని చెప్పిందట. ఈ అమ్మాయి అక్క కూతురు ఒకటో తరగతి. ఇంటికొచ్చి అమ్మమ్మ ముందు కూర్చుని, ఎలుగుబంటి పడ్డప్పుడు తనూ పడి, కొంగ ఏడ్చినప్పుడు తనూ ఏడ్చి, మొత్తం కథ ఒక్క ముక్క వదలకుండా చెప్పిందట.

"అమ్మమ్మ ఆపలేదా?"

"ఆపలేదు. చివరిదాకా వింది. అప్పుడు పిల్ల అంది, నీ కథలకి మంచు పడాలి, దీనికి అక్కర్లేదు కదా, అందుకే నాకిదే ఇష్టం అని. అమ్మమ్మ నా వైపు చూసింది. ఆ పిల్లకి నన్నేం చెప్పమంటారు?"

ప్రొడ్యూసర్ని, సీనియర్ రచయితని, రికార్డర్ని, ఉంగరాన్ని కూడా అనుమానించిన నాకు ఇది తట్టలేదు. రిసీవర్ చెవికి ఇంకా గట్టిగా ఆనించుకున్నాను. అవతల ఎవరో పక్కింటి పిల్లలు వచ్చినట్టున్నారు. ఆ చిన్నపిల్ల వాళ్లని కూర్చోబెట్టి, ఎలుగుబంటి కొండ ఎక్కడం దగ్గర్నుంచి కథ మళ్లీ మొదలుపెట్టడం నాకు ఫోన్లో వినిపిస్తోంది.