నెంబరు సరైనదే

మా బావ ఇనప్పెట్టెలు బాగుచేసే మేస్త్రి. ఊళ్ళో అందరూ పెట్టె మేస్త్రి అంటారు. నేను టైలర్ని. "గుండీ ఊడితే నీ దగ్గరికి, తాళం పట్టేస్తే నా దగ్గరికి. మనిద్దరం ఉన్నంతకాలం ఈ వీధి పరువుకేం ఢోకా లేదురా" అని నవ్వేవాడు. నవ్వడమైతే బాగానే నవ్వేవాడు గానీ, కడుపులో మాట మాత్రం ఒక పట్టాన బయటపెట్టే మనిషి కాదు.

ఆయనకి పని తగిలేది ఎక్కువగా మనుషులు పోయిన ఇళ్ళలోనే. ఇంటి పెద్ద నెంబరు ఎవరికీ చెప్పకుండా కన్నుమూస్తాడు, ఇంట్లోవాళ్ళు పెట్టె చుట్టూ చేరి ఒకరి ముఖం ఒకరు చూసుకుంటారు, అప్పుడు బావకి ఫోను. రెండేళ్ళ కిందట ఒకసారి నేనూ తోడు వెళ్ళాను. తలుపు తెరుచుకోగానే ఆ ఇంటి కూతురు లోపలున్న కాగితం తీసి చదివి అక్కడే కూలబడింది. తన దేహాన్ని వైద్య కళాశాలకి ఇచ్చేయమని తండ్రి రాసుకున్నాడు. అప్పటికి అంత్యక్రియలై మూడు రోజులు.

తిరిగి వస్తూ బావ, "నెంబరు చెప్పకుండా పోవడమంటే ఇంట్లోవాళ్ళ మీద పగ తీర్చుకోవడమేరా" అన్నాడు.

ఇంటికి రాగానే అక్కని కూర్చోబెట్టి తన పెట్టె నెంబరు చెప్పాడు. నా ఎదుటే చెప్పాడు గానీ, నన్ను మాత్రం చెవులు మూసుకోమన్నాడు. నేను మూసుకున్నట్టు నటించాను. కుడికి నాలుగు చుట్లు తిప్పి ముప్పై ఏడు, ఎడమకి మూడు చుట్లు తిప్పి అరవై రెండు, మళ్ళీ కుడికి రెండు చుట్లు తిప్పి పద్దెనిమిది. అక్క బడిపిల్లలా అప్పజెప్పింది.

"ఇక నేను లేకపోయినా నీకు ఇబ్బంది లేదు."

"అవేం మాటలండీ! ఒకసారి నా చేత తీయించకూడదూ?"

"ఊరికే తిప్పితే తాళం అరిగిపోతుంది. అవసరమొచ్చినప్పుడు తీద్దువుగానిలే."

నాకప్పుడు నవ్వొచ్చింది. ఇప్పుడు తలచుకుంటే ఒళ్ళు మండిపోతుంది.

ఈ ఏడాది మొదట్లో ఆయనకి తలనొప్పి పట్టుకుంది. పన్నెండేళ్ళ కిందట తలలో ఒక రక్తనాళం ఉబ్బితే ఆపరేషన్ చేసి చిన్న లోహపు క్లిప్పు పెట్టారు. అది ఏ రకమో రాసిన కార్డు ఒకటి ఇచ్చి, ఎప్పుడూ దగ్గరుంచుకోమన్నారు. బావ దృష్టిలో దగ్గరుంచుకోవడమంటే పెట్టెలో పెట్టడమే. ఆ ఆస్పత్రి ఎప్పుడో మూతబడింది. తలనొప్పి సంగతి అక్క అడిగితే, "గ్రైండింగ్ మిషన్ చప్పుడుకి వచ్చిందిలే" అనేవాడు. స్క్రూడ్రైవర్ రెండుసార్లు చేయి జారడం నేను చూశాను. అయినా అడగలేదు. నాకూ భయమే.

ఒక మంగళవారం పొద్దున పదింటికి బావ పనిబల్ల పక్కనే పడిపోయాడు. మూతి ఒక పక్కకి లాగేసింది. ఆస్పత్రిలో మామూలు స్కాన్ తీశారు. క్లిప్పు నీడ అడ్డొచ్చి ఏమీ తెలియడం లేదన్నారు. అయస్కాంతంతో పనిచేసే పెద్ద యంత్రంలో తీయాలి. కానీ క్లిప్పు ఇనుముదైతే అయస్కాంతానికి కదిలి ప్రాణం మీదికి వస్తుంది.

"కార్డు ఉందా?" అని డాక్టరమ్మ అడిగింది. "త్వరగా తెండి. ఆలస్యం చేసే కొద్దీ నష్టమే."

"ఇంట్లో పెట్టెలోనే ఉందమ్మా. నెంబరు నాకు తెలుసు" అంది అక్క. ఆ ధీమా ఇంకా నా చెవుల్లో ఉంది.

పదకొండూ ఇరవైకి పెట్టె ముందు కూర్చున్నాం. అక్క తిప్పింది. రాలేదు. మళ్ళీ తిప్పింది. రాలేదు. చుట్లు తప్పాయేమోనని నేను పైకి లెక్కపెడుతుంటే తను తిప్పింది. పిడి కదలనైనా కదలలేదు.

"అరవై రెండా, డెబ్బై రెండారా?"

"అరవై రెండే అక్కా. నేనూ విన్నాను."

"ఇంకో మేస్త్రిని పిలువు."

"ఊళ్ళో ఉన్నది బావ ఒక్కడేగా."

అందరికీ శకునాలు చెప్పే బల్లి కుడితిలో పడ్డట్టయింది. బావతో కలిసి పనిచేసే వెల్డింగు మేస్త్రికి ఫోన్ చేశాను. యాభై దాటిన మనిషి. ఆ పూట ఏదో గోదాములో ఇనుము కోస్తున్నాడట. ఆ రొదలో ఫోను వినపడక, చివరికి ఎత్తి, పరిగెత్తుకొచ్చేసరికి ఒంటిగంట దాటింది. అప్పటికి అక్క వేళ్ళు ఎర్రగా కంది ఉన్నాయి. పెదాలు మాత్రం అంకెలు గొణుగుతూనే ఉన్నాయి.

ఆయన నెంబరు అడిగాడు. చక్రం తిప్పి, ప్రతి అంకెకీ రెండు గీతల ముందే ఆపాడు. పెట్టె తెరుచుకుంది. రెండు నిమిషాలు కూడా పట్టలేదు.

"నెంబరు సరైనదేనమ్మా" అన్నాడు తల వంచుకుని. "చక్రం రెండు గీతలు పక్కకి జరిగింది. సరిచేస్తానని నాలుగేళ్ళ కిందటే అన్నాను. అలాగే ఉండనివ్వు, దొంగకి నెంబరు తెలిసినా తీయలేడు అన్నారు మేస్త్రిగారు."

కార్డు పై అరలోనే ఉంది, చెయ్యి పెట్టగానే దొరికేలా.

ఆస్పత్రికి చేరేసరికి రెండవుతోంది. క్లిప్పు మంచిదే, యంత్రంలోకి పంపవచ్చు. పంపారు కూడా. డాక్టరమ్మ బయటికొచ్చి, ఇప్పుడిక చేయగలిగింది పెద్దగా లేదంది. ఒక గంట ముందైతే చూసేవాళ్ళమంది. అక్క అన్నిటికీ తలూపింది.

వసారాలో బల్ల మీద ఇద్దరం కూర్చున్నాం. ఏదో ఒకటి చెప్పాలి కదా అని, "నీ తప్పేం లేదక్కా. నువ్వు ఒక్క అంకె కూడా మర్చిపోలేదు" అన్నాను.

"తెలుసు" అంది. నా వైపు తిరిగి, "నెంబరు తెలిసిన దొంగ కూడా తీయకూడదని అలా వదిలేశారటగా" అంది.

"ఆయన మనసులో ఏముందో మనకేం తెలుసక్కా."

"నెంబరు చెప్పింది నాకొక్కదానికేరా" అంది అక్క, కందిన వేళ్ళు చూసుకుంటూ. "ఇరవై ఆరేళ్ళు కాపురం చేశాను. నేను దొంగనా?"