మళ్ళీ రండప్పా

మొన్న మా గుడ్డలంగడికి సంచుల నమూనా వచ్చింది. ప్లాస్టిక్ కవర్లు ఇవ్వొద్దని మున్సిపాలిటీ వాళ్ళు గట్టిగా చెప్పినప్పటి నుంచి గుడ్డ సంచులు కుట్టించి, వాటి మీద అంగడి పేరు అచ్చు వేయిస్తున్నాము. ఈసారి అచ్చు వేసే అతను తనకు తోచిన అలంకారాలన్నీ చేసుకొచ్చాడు. పైన చేతులు జోడించిన ఆడమనిషి బొమ్మ, మధ్యలో మా పేరు, కింద ఎర్రటి అక్షరాలతో "దయచేసి మళ్ళీ రండి". ఆ చివరి మాట చదివానో లేదో నా చెవులు వేడెక్కాయి. మనవడిని ఎత్తుకుని తిరిగే మనిషి గల్లాపెట్టె ముందు కూర్చుని పెళ్ళిచూపుల్లో పిల్లలాగా తల దించుకోవడమేమిటని మా కోడలు అనుకుని ఉంటుంది. "బాగాలేదా మామా?" అని అడిగింది. "శానా బాగుండాది. ఆ కింది మాట ఒక్కటి తీసెయ్యమను" అన్నాను. ఆ అమ్మాయి నా ముఖం చూసి, ఎందుకని అడగకుండా లోపలికి పోయింది. నిజానికి ఆ మాటతో నాకు సిగ్గు మొదలైంది ఆమె ఈ ఇంటికి రాక ముందు.

ఆదోనిలో మా అంగడి మా తాత కాలం నుంచి ఉంది. ఆలూరు వైపు రైతులు, కోసిగి వైపు నుంచి సుగ్గికి, అంటే పనులు వెతుక్కుంటూ వేరే ఊళ్ళకు, వలసపోయే కూలీలు మాకు పాత బేరగాళ్ళు. అంగట్లో కూర్చున్న మొదటి రోజే మా నాయన నాకు నేర్పింది గుడ్డ కొలవడం కాదు, మనిషిని సాగనంపడం. కొన్నా, కొనకున్నా, పది చీరలు విప్పించి పెదవి విరిచి లేచిపోయినా, గడప దాకా వచ్చి రెండు చేతులూ జోడించి "మళ్ళీ రండప్పా" అనాలి. ఆ మాట నాకు ఎంతగా అలవాటైందంటే, చేతులు జోడిస్తే చాలు, నోరు దానంతటదే పలికేది. కరెంటు బిల్లు కొట్టే అతనికి చెప్పాను. అప్పు అడగవచ్చి లేదనిపించుకున్న చుట్టానికి చెప్పాను. పెళ్ళయిన కొత్తలో మా మామ మమ్మల్ని బస్సెక్కించి దిగిపోతుంటే ఆయనకూ చెప్పాను. బస్సులో వాళ్ళంతా నవ్వారు. నా భార్య ఆ రోజు ఊరు చేరేదాకా నాతో మాట్లాడలేదు. సుగ్గికి పోయేవాళ్ళు మాత్రం నవ్వేవాళ్ళు కాదు. దుప్పట్ల మూట తలకెత్తుకుని "బతికి బాగుంటే వస్తాంలేప్పా" అని బదులు చెప్పేవాళ్ళు. నేను అప్పటికే పక్క బేరంలో ఉండేవాణ్ణి.

మా అమ్మకు పక్షవాతం వచ్చి మంచం పట్టింది. ఒక పక్క కాలూ చేయీ పడిపోయాయి, మూతి కాస్త పక్కకు తిరిగింది. మాట ముద్దగా వచ్చేది. ఆ మాట మా నాయనకు తప్ప ఇంకెవరికీ సరిగా తెలిసేది కాదు. ఆమెకు అన్నం పెట్టడం కూడా ఆయన పనే. ముద్ద ముద్దకూ ఒక అంగడి కబురు చెప్పేవాడు. ఎవరు ఏ చీర తీసుకున్నారు, ఎవరు రంగు బాగాలేదని వెనక్కి తెచ్చారు, ఎదురంగడి ఆయన ఈ రోజు ఎవరితో పోట్లాడాడు. ఎదురంగడి ఆయనంటే మా ఎదుట ఉన్న ఇంకొక గుడ్డలంగడి యజమాని. మా మెట్ల దగ్గరికి వచ్చిన బేరాన్ని ఆయన పిలిచాడని మేము, ఆయన బేరాన్ని మేము పిలిచామని ఆయన ఎన్నాళ్ళుగానో మాటలు లేకుండా బతుకుతున్నాము. ఎదురంగడి కబుర్లకు అమ్మ ఎక్కువ నోరు తెరిచేదని నాయన అనేవాడు. అట్లాంటి మనిషి, అమ్మను చూసుకుంటూ ఇంకా ఎన్నో ఏళ్ళు ఉంటాడని మేమంతా నమ్ముకున్న మనిషి, ఒక మధ్యాహ్నం భోజనం చేసి నడుం వాల్చి, మళ్ళీ లేవలేదు.

మా వైపు చావింటి మర్యాదలు అందరికీ తెలిసినవే. వచ్చినవాళ్ళను రండి అని పిలవకూడదు. పోయేవాళ్ళు వెళ్ళొస్తామని చెప్పకూడదు. కూర్చున్నంతసేపు కూర్చుని, ఉన్నట్టుండి లేచి, వెనక్కి తిరిగి చూడకుండా పోవాలి. ఇంటివాళ్ళు కూడా వాళ్ళను అట్లాగే పోనివ్వాలి. అన్నీ ముగించుకుని వచ్చాక సాయంత్రం, తడిబట్టలు మార్చుకుని నేను అరుగు మీద నిలబడ్డాను. జనం ఒక్కొక్కరే లేస్తున్నారు. అందరికంటే ముందు ఎదురంగడి ఆయన లేచాడు. మాటలు లేకున్నా వచ్చాడు, కాటి దాకా నడిచాడు. ఆ కృతజ్ఞతకు నా చేతులు వాటంతటవే పైకి లేచి కలిశాయి. చేతులు జోడిస్తే నా నోరు ఏం చేస్తుందో చెప్పాను కదా. "మళ్ళీ రండప్పా" అన్నాను. ఆయన ఒక్క క్షణం ఆగి, తల వంచుకుని మెట్లు దిగిపోయాడు. నాకు తెలియనే లేదు. వెనకాల వచ్చినవాళ్ళకూ అదే చెప్పాను. పక్కింటి పెద్దమ్మకూ చెప్పాను. ఈమె ముస్లిం ఆవిడ. మా అంగట్లో మిగిలిన గుడ్డపీలికలు తీసుకుని బొంతలు కుడుతుంది. మా అమ్మకు మొదటి నుంచీ స్నేహితురాలు. ఆమె నన్ను వింతగా చూసి పోయింది. ఇంకా ఎందరికి చెప్పేవాడినో గానీ మా మేనత్త వచ్చి నా జబ్బ పట్టుకుంది.

"ఏం మాటరా అది? లోపల మీయమ్మ మంచం మీద ఉండాది. మళ్ళా దేనికి రమ్మంటాండావు వాళ్ళను?"

అప్పుడు తెలిసింది. అమ్మ మంచం నడిమింట్లో, వాకిలికి ఎదురుగానే ఉంది. తలుపు బార్లా తెరిచి ఉంది. ఆమె కళ్ళు నా మీదే ఉన్నాయి. పడిపోయింది కాలూ చేయీ గానీ చెవులు కాదు. సిగ్గుతో చచ్చిపోవడమని ఊరికే అంటుంటాము, ఆ రోజు ఆ గడప దగ్గర నాకు నిజంగానే అట్లా అయింది. నాయన పోయిన దుఃఖం కూడా ఆ సిగ్గు వెనక్కి పోయి నిలబడింది.

ఆ పూట నుంచి అమ్మ నోరు తెరవలేదు. మేనత్త ఇంటి నుంచి గంజి కాచి తెచ్చింది, తల గోడ వైపు తిప్పుకుంది. నా భార్య బతిమాలింది. నేను నాయన లాగా ముద్దకొక కబురు చెబుదామని మంచం దగ్గర కూర్చున్నాను గానీ, ఆమె కళ్ళలోకి చూడలేక నాలుక తిరగలేదు. అంగట్లో రోజంతా వాగే నోరు అక్కడ మూతపడింది. డాక్టరు వచ్చి చూసి, ఇట్లాగే ఉంటే ముక్కులో గొట్టం వేయాలన్నాడు. ఆమె వయసుకు, ఆమె ఉన్న స్థితికి అది కూడా ఎంతవరకు నిలబెడుతుందో చెప్పలేనన్నాడు. ఆయన పోయేటప్పుడు నేను చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాను. అమ్మ కూడా పోతుందని, నేను రమ్మన్నవాళ్ళంతా నా మాట ప్రకారం మళ్ళీ వస్తారని, నాకు రూఢి అయిపోయింది.

డాక్టరు చూసిపోయిన మరునాడు పొద్దున్నే పక్కింటి పెద్దమ్మ వచ్చింది. ఎప్పుడూ పెరటి గోడ సందులో నుంచి వచ్చే మనిషి, ఆ రోజు వీధి వాకిట్లో నుంచి, అందరూ చూసేటట్టు, మెట్లెక్కి వచ్చింది. "ఏమప్పా, మళ్ళా రమ్మంటివి, వచ్చినా" అని గట్టిగా అంది. నాకు భూమిలోకి పోదామనిపించింది. ఆమె నన్ను పట్టించుకోకుండా పోయి అమ్మ మంచం మీదనే కూర్చుంది. "ఏం వదినా, నీ కొడుకు వాకిట్లో నిలబడి పిలిచినాడు. పిలిస్తే రాకపోతే మర్యాదేనా? అందుకే వచ్చినా. ఇంగ ఆ మాట తీరిపాయ. దాని పని అయిపాయ" అంది. తర్వాత గొంతు తగ్గించి, "చావింట్లో కూడా బేరం ఇడిసిపెట్టకపాయ గదా నీ కొడుకు. అచ్చం వాళ్ళ నాయనే" అంది.

అమ్మ తల గోడ వైపు నుంచి ఇటు తిరిగింది. బాగున్న పక్క పెదవి వణికింది. ఏడుస్తుందనుకుని నేను దగ్గరికి పోయాను. ఏడుపు కాదు. పక్కకు తిరిగిన ఆ మూతితో, కళ్ళ వెంట నీళ్ళు కారుతుండగా, అమ్మ నవ్వుతోంది. "నవ్వుతాండాది చూడమ్మే, చూస్తా నిలబడినావేమి? పెట్టు, పెట్టు" అని పెద్దమ్మ నా భార్యను కసిరింది. నవ్వుకు తెరుచుకున్న నోట్లో ఒక చెంచా గంజి పడింది. అమ్మ మింగింది. నేను పెరట్లోకి పోయి, నాయన పోయిన తర్వాత మొదటిసారి, గట్టిగా ఏడ్చాను.

ఆ కబురు వీధంతా ఎట్లా పాకిందో తెలియదు. ఆ సాయంత్రమే ఎదురంగడి ఆయన తన అంగట్లో దీపం పెట్టకుండా ముందు మా ఇంటికి వచ్చాడు. "రమ్మంటివి గదప్పా" అన్నాడు నవ్వకుండా. అమ్మ పక్కన స్టూలు వేసుకుని, ఆ రోజు ఎవరెవరు ఏమేం కొన్నారో చెప్పడం మొదలుపెట్టాడు. అమ్మ వింటూ తిన్నది. తర్వాత ఎన్నో సాయంత్రాలు ఆయన అట్లాగే వచ్చాడు. మా వీధిలో ఏ రంగు నడుస్తోందో, ఏ చీర మూలపడిందో మంచంలో ఉన్న మా అమ్మకు నాకంటే ముందు తెలిసేది. ఒక రోజు ఆయన్ను వాకిట్లో ఆపి, ఆ రోజు నోరు జారిందని చెప్పబోయాను. "అంగడోని నోరప్పా అది. నీ జాగాలో నేనున్యా ఆ మాటే పలికేది. దానికి సిగ్గెందుకు?" అన్నాడు.

వీధిలో వాళ్ళు ఒక్కరని కాదు, అందరూ వచ్చారు. వాకిట్లో అడుగు పెడుతూనే "రమ్మన్యావంటనే" అని నన్ను ఒక మాట అనడం వాళ్ళకు ఆచారమైపోయింది. వచ్చినవాళ్ళు ఎట్లుందని అడిగి పోలేదు. ఒకరు మంచాన్ని పొద్దుటెండలోకి జరిపేవాళ్ళు, ఒకరు అనపకాయలు ఒలుస్తూ కూర్చునేవాళ్ళు. నా భార్య జ్వరంతో పడుకున్న రోజుల్లో పెద్దమ్మే అమ్మకు స్నానం చేయించి, తల దువ్వి, పాత పట్టుపీలికలతో కుట్టిన మెత్తటి బొంత పరిచింది. ఆ బొంత మీద మా అమ్మ, దేవుడి దయ వల్ల, ఇంకా కొన్నేళ్ళు బతికింది.

నోరు జారిన సిగ్గు కొన్నాళ్ళకు పోయింది. దాని జాగాలో వచ్చిన సిగ్గు మాత్రం ఇప్పటికీ పోలేదు. అంతకు ముందెప్పుడో, మాకు ఇంకా మాటలున్న రోజుల్లో, ఎదురంగడి ఆయన భార్య జబ్బుపడి మంచంలో ఉన్నప్పుడు నేను పండ్లు తీసుకుని ఒక్కసారి పోయాను. డాక్టరేమన్నాడని అడిగి, నిలబడే వచ్చేశాను. పెద్దమ్మ భర్త పోయినప్పుడు అరుగు మీద కుర్చీలో కాసేపు కూర్చుని, మర్యాద ప్రకారం మాట్లాడకుండా లేచి వచ్చాను. మధ్యలో ఉన్నది ఒక్క గోడే, అయినా మళ్ళీ ఆ గడప తొక్కలేదు. చావింట్లో రమ్మని చెప్పకూడదన్నారు గానీ, రాకూడదని ఎవరన్నారు? రోజూ వందమందితో నేను అర్థం లేకుండా అన్న మాటను వాళ్ళు అర్థమున్న మాటగా తీసుకున్నారు. ఈ మేలుకు బదులేమిటో తెలియక పెద్దమ్మకు ఒక మంచి చీర పట్టుకుపోయాను. "అంగడి పని అంగట్లో పెట్టుకో. ఈడ కూర్చో, టీ తాగు" అని తిప్పి పంపింది. టీ తాగాను. అన్నేళ్ళలో వాళ్ళింట్లో నేను తాగిన మొదటి టీ అదే.

పోయిన ఏడాది వానలు మొదలయ్యే ముందు అమ్మ పోయింది. ఆ సాయంత్రం నేను తుండుగుడ్డ కొస నోట్లో కుక్కుకుని అరుగు మీద నిలబడ్డాను. చేతులు జోడించలేదు. జనం ఒక్కొక్కరే లేచి, తల తిప్పకుండా పోతున్నారు. పెద్దమ్మ కర్ర ఊనుకుంటూ గడప దాటి, అక్కడ ఆగి, చేయకూడని పని చేసింది. వెనక్కి తిరిగింది.

"ఏం నాయనా, ఈసారి రమ్మనవా?"

చెప్పులు వెతుక్కుంటున్న ఎదురంగడి ఆయన తలెత్తి చూశాడు. నేను భయంగా మా మేనత్త వైపు చూశాను. కుర్చీలో కూర్చున్న మేనత్త కొంగుతో కళ్ళు తుడుచుకుని, "చెప్పురా. నిన్నే అడుగుతాండాది" అంది.

నోట్లో గుడ్డ తీశాను. ఎప్పుడూ దానంతటదే దొర్లుకొచ్చే మాట ఆ రోజు ఒక్కొక్క అక్షరంగా వచ్చింది. "మళ్ళీ రండి పెద్దమ్మా" అన్నాను. "ఆ" అని ఆమె మెట్లు దిగిపోయింది. మరునాడు పొద్దున్నే వీధి వాకిట్లో నుంచే వచ్చి, ఖాళీగా ఉన్న మంచం పక్కన నాతోపాటు కూర్చుంది.

ఆ మాటను సంచి మీద ఎందుకు వద్దన్నానో మా కోడలికి ఇదంతా చెప్పాలి. అచ్చు వేసి పంచితే అది మళ్ళీ నా పాత నోరే అవుతుంది. నోటితోనే చెబుతాను, చెప్పినప్పుడల్లా కాస్త సిగ్గుపడతాను, రమ్మన్నవాళ్ళ ఇళ్ళకు నేనూ పోయి వస్తాను. పోయిన కాలాన్ని ఎంత మర్యాదగా పిలిచినా మళ్ళీ రాదు. మనుషులు వస్తారు, వాళ్ళు రాగలిగిన కాలంలోనే రమ్మనాలి.